చెప్పుకోలేని విన్నపం

తల్లి గర్భంలో మమ్మల్ని పోగు పోగుగా అల్లిన దేవా, నీకు స్తోత్రం. తల్లి రొమ్ము మీద పడుకున్న పసిబిడ్డకు అక్కడే నమ్మకం పుట్టించేవాడా, నీకు స్తోత్రం. మేము నోరు తెరవక ముందే మా మాట ఎరిగినవాడా, మా తలవెంట్రుకల లెక్క కూడా తెలిసినవాడా, నీకే మహిమ. నీవు ఎరిగి ఉండడం ఒకటి, మేము ఒకరితో ఒకరం చెప్పుకోవడం ఇంకొకటి. ఆ సంగతి మాకు నేర్పడానికి ఒక మనిషిని పంపావు. తిరిగి తీసుకున్నావు. ఎందుకని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. అయినా నీకు స్తోత్రం.

పోయిన ఆదివారం మా సంఘానికి కోస్తా వైపు నుంచి ఒక దైవసేవకులు వచ్చారు. శేరిలింగంపల్లిలో ఒక మందుల షాపు పైన, రెండో అంతస్తులో కూడుకునే చిన్న సంఘం మాది. ప్రసంగం ముగించి ఆయన కళ్ళు మూసుకుని, మెత్తని గొంతుతో అన్నారు: "అందరి ముందూ చెప్పుకోలేని విన్నపాలు ఉంటాయండి. వాటిని నోటితో చెప్పనక్కర్లేదు. చెయ్యెత్తండి చాలు. దేవునికి తెలుసు."

మా సంఘంలో ఆ మాట వినబడి చాలా కాలమైంది. ఒకామె దాన్ని ఆపించింది. కొత్తగా వచ్చిన ఆయనకు ఆ సంగతి తెలియదు. ప్రార్థనలో కళ్ళు తెరవకూడదని బడిలో పిల్లలకు చెప్పేదాన్ని, నేనే తెరిచి వెనక్కి చూశాను. చివరి వరుసలో ఒక చెయ్యి లేచి ఉంది. మణికట్టుకు పసిబిడ్డ తువ్వాలు చుట్టుకుని ఉంది.

ఆ చెయ్యి ఎవరిదో చెప్పేముందు, ఆ మాటను ఆపించిన మనిషిని మీకు చూపించాలి.

ఆమె కొండాపూర్‌లో నాలుగు అంతస్తుల ఆడపిల్లల హాస్టల్ నడిపేది. సంగారెడ్డి వైపు నుంచి వచ్చిన మనిషి. అందులో ఉండే సాఫ్ట్‌వేర్ అమ్మాయిలందరికీ "ఆంటీ". నాకు అక్క. నేను ఆమెకు టీచరమ్మని. పొట్టిగా, గట్టిగా ఉండేది. నడుస్తూ మాట్లాడేది, మాట్లాడుతూ వండేది. సాంబారు ఎంత మరుగుతున్నా ఒక చుక్క అరచేతి వెనక వేసుకుని నాకి, కళ్ళు మూసుకుని రుచి చూసేది. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే, "జర ఆగు, నాలిక మీద ఉన్నది" అనేది. హాస్టల్ గేటు రాత్రి పదింటికి మూసేస్తామని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి పిల్లకూ తనే లేచి తాళం తీసేది. తీస్తూ తిట్టేది. తిడుతూ అన్నం వడ్డించేది.

ఆమె ప్రార్థన మరొకరు చేయలేరు. అంతస్తుల వారీగా చేసేది. నడుముకు కొంగు బిగించి, ఇంటి ఓనరుకి మరమ్మతులు చెప్పినట్టు చెప్పేది: "ప్రభువా, కింది నుంచి వస్తున్న, విను. మొదటి అంతస్తుల పిల్లకి ప్రాజెక్టు పోయింది, పరేషాన్ల ఉన్నది. రెండో అంతస్తుల ఇద్దరు మాట్లాడుకుంట లేరు, కలుపు. మూడో అంతస్తుల నీళ్ళు ఎక్కుత లేవు, అది నేను చూసుకుంట, నువ్వు ఆ పోరి పెళ్ళి సంగతి చూడు." చివర నాలుగో అంతస్తు. అక్కడ ఉండేది రాత్రి డ్యూటీల పిల్లలు. వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి గొంతు మెత్తబడేది. "వీళ్ళు మంది నిద్రపోయేటప్పుడు మేల్కొని ఉంటరు తండ్రీ. నువ్వు కూడ మేల్కొనే ఉంటవు గదా. జర చూసుకో." అని చప్పట్లు రెండు కొట్టి ఆమేన్ అనేది.

శనివారం మధ్యాహ్నాలు ఆ హాస్టల్ భోజనాల గదిలోనే మా స్త్రీల కూడిక. ఐటీ అమ్మాయిలకు సెలవు, నాకు బాచుపల్లి బడి ఒంటిపూట. ఒకసారి కూడికలో ఒక అమ్మాయి, కుదిరిన సంబంధం తప్పిపోయిందని ఏడ్చి ప్రార్థన అడిగింది. సాయంత్రానికల్లా ఆ కబురు ఫోన్లలో తిరిగి తిరిగి ఊళ్ళో ఉన్న ఆమె మేనత్త దాకా పోయింది. పిల్ల వారం రోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఆంటీకి మండిపోయింది. ఆ తర్వాతి శనివారం గరిటె పట్టుకునే లేచి నిలబడింది.

"ఇగ సాలు. ఇయ్యాల్టి నుంచి ఎవరు నోరు తెరిచి చెప్పొద్దు. బైబిల్ల హన్నా గుడిల ప్రార్థన చేసినప్పుడు పెదవులే కదిలినయి, గొంతు వినబడలే. దేవుడు ఇనలేదా? ఇన్నడు. చెప్పలేనిది ఉంటే చెయ్యెత్తుండ్రి. అందరం ప్రార్థన చేస్తం. ఏందని ఎవరన్న అడిగితే వాళ్ళకి నా హోటళ్ళ అన్నం లేదు."

"హాస్టల్, ఆంటీ" అంది ఎవరో.

"అన్నం లేదని చెప్తున్న, పేరేదైతే ఏంది?"

అందరం నవ్వాం. ఆ ఏర్పాటు అందరికీ నచ్చింది. మరి అది ఆడవాళ్ళ సిగ్గు ఎరిగిన ఏర్పాటు, పైగా వాక్యం నుంచి తీసిన ఏర్పాటు. అక్కడి నుంచి మా సంఘమంతా పాకింది. చేతులు లేచేవి, కళ్ళు మూసుకుని ప్రార్థించేవాళ్ళం, ఆమేన్ అని టీ తాగి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం.

షారోన్ నాలుగో అంతస్తు పిల్ల. రాజమండ్రి నుంచి వచ్చి ఒక కంపెనీలో టెస్టింగ్ పని చేసేది. ఒకరోజు ఆఫీసులో ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ మీద ఏదో శిబిరం పెట్టారని చెప్తూ, భోజనాల బల్ల దగ్గర ఆంటీని ఆటపట్టించింది.

"ఆంటీ, రాత్రిళ్ళు పనిచేసేవాళ్ళకీ, లేటుగా పెళ్ళి చేసుకునేవాళ్ళకీ, కూర్చుని బర్గర్లు తినేవాళ్ళకీ ముప్పు ఎక్కువంటండి. అంటే మా ఫ్లోర్ ఫ్లోరంతా అవుట్."

"నేనేం చెప్పిన మరి? కాలానికి పెండ్లి చేసుకోండ్రే అని నెత్తినోరు కొట్టుకుంటున్న. నన్ను చూడు. నలుగురిని కన్న. నలుగురికి రెండేండ్లు దాటేదాక పాలిచ్చిన. బయటి బుక్క తిననే తిన. పొద్దుగాల లేస్తే నాలుగంతస్తులు ఎక్కుడు దిగుడు. నాకేమొస్తది?"

"మాకూ ఇప్పుడే రాదులెండి ఆంటీ. పెద్దవాళ్ళకి వస్తుంది ఇది. ఇంకా చాలా టైముంది" అంది షారోన్, పెరుగన్నం కలుపుకుంటూ.

ఆ జబ్బు ఈ పిల్లలదని ఆమె, ఆమె వయసు వాళ్ళదని ఈ పిల్లలు. ఆ బల్లకు అటూ ఇటూ కూర్చుని ఒకరి వైపు ఒకరు దాన్ని నెట్టేసుకుని నవ్వుకున్నారు. నేనూ అక్కడే కూర్చుని నవ్వాను.

ఆ తర్వాతి సంవత్సరం ఈస్టర్ ముందటి మట్టల ఆదివారం గడిచాక, శనివారం కూడికలో ఆంటీ చెయ్యెత్తడం మొదలుపెట్టింది. అంతవరకూ ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. చిన్నకొడుకు తాగుడు సంగతేమో అనుకున్నాం. ప్రార్థించాం. ఎండలు పోయి వానలు వచ్చాయి. ఆమె చెయ్యి లేస్తూనే ఉంది. ఏ చేత్తో ఎత్తుతోందో కూడా చూసినవాళ్ళు లేరు. కళ్ళు మూసుకుని ఉన్నాం కదా. ఎడమ చెయ్యి పైకి లేవడం లేదని తర్వాత తెలిసింది.

దసరా సెలవుల్లో షారోన్‌కి ప్రమోషన్ వచ్చింది. ఆఫీసు బ్యాగుతోనే వంటగదిలోకి పరిగెత్తి ఆంటీని గట్టిగా కౌగిలించుకుంది. ఆంటీ అరిచిన అరుపుకి గరిటె పడిపోయింది. నేను ఆ రోజు అక్కడే ఉల్లిపాయలు తరుగుతున్నాను.

"ఏమైంది ఆంటీ? ఏమైందండి?"

"ఏం లేదు, పో."

"ఏం లేదంటారేంటి, ఇక్కడ రాయిలా తగిలింది నాకు. ఆంటీ, చూపించండి."

"సిగ్గులేదానే? పో అంటున్న గదా!"

షారోన్ పోలేదు. తలుపు గడియ పెట్టింది. ఆంటీ గోడకు ఆనుకుని నిలబడి, కొంగు తీసింది. నేను చూసింది ఇక్కడ రాయను. నారింజ తొక్కలా గుంటలు పడిన చర్మం. అది ఒక్కటే చెప్తాను, మీలో ఎవరికైనా ఉపయోగపడుతుందని.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంటక్కా?" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "చెప్పిన గద టీచరమ్మా. చెయ్యెత్తిన."

డాక్టరమ్మ చిన్న వయసావిడ. పరీక్షలన్నీ అయ్యాక మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టింది. షారోన్ కోపంగా ఉంది, ఎవరో మోసం చేసినట్టు. "ఈవిడ నలుగురికి పాలిచ్చారండి. బయట ఏదీ తినరు. మీ లిస్టులో ఉన్నవి ఒక్కటీ లేవు. ఈవిడకెలా వస్తుంది?"

"అవన్నీ ముప్పుని తగ్గిస్తాయమ్మా. పూర్తిగా తీసెయ్యవు. నిజమే, సిటీలో, ఈ ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. కాని వాళ్ళు గడ్డ చిన్నగా ఉండగా వస్తారు. చాలామంది బతుకుతారు. ఊళ్ళ నుంచి, బస్తీల నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్ళు తక్కువ. వచ్చేసరికి మాత్రం ఇలా చర్మం దాకా వచ్చేసి ఉంటుంది."

ఆంటీ నెమ్మదిగా తలూపింది. సాంబారు రుచి చూసేటప్పటిలా కళ్ళు మూసుకుంది. "అంటే డాక్టరమ్మా, వాళ్ళకి రోగమెక్కువ, మాకు సావెక్కువ. గంతేనా?"

డాక్టరమ్మ రిపోర్టుల ఫైలు మూసింది. తర్వాత, "ఆలస్యమైతే, అవునమ్మా" అంది. షారోన్ వైపు తిరిగి, "నీకూ చెప్తున్నాను. పెద్దవాళ్ళ జబ్బు అనుకోకు. బయటి దేశాల కన్నా మన దగ్గర చిన్న వయసులోనే చూస్తున్నాం. మొండి రకాలు కూడా" అంది.

షారోన్ తలూపింది. ఆ తలూపడం నాకు బాగా గుర్తు.

ఆ శనివారం కూడిక నిండుగా ఉంది. పాట అయింది. విన్నపాల సమయం వచ్చింది. చేతులు రెండో మూడో లేచాయి. ఆంటీ మాత్రం లేచి నిలబడింది.

"నా రొమ్ముల గడ్డ ఉన్నది. క్యాన్సరంట."

ఒక పెద్దావిడ పైట సర్దుకుని, "అక్కా, కాస్త మెల్లగా అనండి. గుమ్మం దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు" అంది.

"ఉంటే ఉండనీ. వాడు ఏం తాగి పెరిగిండో వాడికి ఎర్కనే." ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. ఆమె ఆపలేదు. "నేనే చెప్పిన మీకు, హన్నా నోరు తెరవలేదని. సగమే చదివిన. ఆ గుడిల ముసలి యాజకుడు ఉండె గదా, ఆయన ఆమె పెదవులు కదులుడు చూసి వచ్చి అడిగిండు. తాగినవా అని తప్పుగనే అడిగిండు. కాని అడిగిండు! అడిగితే హన్నా చెప్పింది, నా మనసుల దుఃఖమున్నదని. మన దగ్గర ఎవరడుగుతుండ్రు? చెయ్యెత్తితే కండ్లు మూసుకుంటున్నరు. నేనే మూయించిన. ఇగ నుంచి చెయ్యెత్తితే కండ్లు తెరువుండ్రి. పోయి పక్కల కూర్చోండ్రి. ఏందని అడుగుండ్రి."

అని ఊరుకోలేదు. చెయ్యెత్తిన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి వంగి అడిగింది. "చెప్పు బిడ్డా. నాకు చెప్పు. చచ్చిపోయే దానికి చెప్తే బయటికి పోతదా?" ఒకామె ఏడుస్తూ చెప్పింది. ఒకామె చెప్పనంది. ఆమె దగ్గర మాత్రం నేల మీద కూర్చుని, టీ చల్లారిపోయే దాకా లేవలేదు.

తర్వాతివి నెమ్మదిగా రాయలేను. మందులు ఎక్కించారు, కోశారు, కరెంటు పెట్టారు. ఉపవాసాలున్నాం. నూనె రాసి ప్రార్థించాం. నేను ఇంట్లో నేల మీద బోర్లా పడి దేవునితో పెనుగులాడాను, యాకోబు పెనుగులాడినట్టు. ఆయనకు ఆశీర్వాదమైనా దొరికింది.

ఆ మందులకు ఆమె నాలుక రుచి పోయింది. అయినా వంటగది వదల్లేదు. ఒకరోజు సాంబారులో ఉప్పు రెండుసార్లు పడింది. పిల్లలు ఒక్కరూ మాట్లాడకుండా తిన్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా తిన్నారు. చివరికి వచ్చిన షారోన్ ఒక ముద్ద తిని, అందరి ముఖాలూ చూసి, "ఆంటీ, ఉప్పు చాలా ఎక్కువైందండి" అంది. ఆంటీ గరిటె విసిరికొట్టింది.

"మరి వీళ్ళు చెప్పరేందే! ఇంతమంది తింటుండ్రు, ఒక్కతి చెప్పదు! నేను బాధపడతనని ఉప్పు మింగుతరా? ఇదేనా నేను నేర్పింది?" అంటూ బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. ఆమె ఏడవగా అదొక్కసారే చూశాను. కాసేపటికి షారోన్‌ని దగ్గరికి పిలిచి, ఒక చుక్క సాంబారు ఆ పిల్ల అరచేతి వెనక వేసింది. "ఇగ నుంచి నా నాలిక నువ్వే" అంది.

జబ్బు ఎముకలకు పాకింది. దవాఖానలో చివరి మంచం కూడా ఆమెకు హాస్టల్‌లాగే ఉంది. నర్సులను పిలిచి ఏ అంతస్తులో ఎవరున్నారో అడిగి ప్రార్థించేది. తర్వాత గొంతు పోయింది. ఆఖరి సాయంత్రం నేనూ షారోనూ పక్కన ఉన్నాం. ఆమె పెదవులు మాత్రమే కదులుతున్నాయి. ఆమె నేర్పినట్టే నేను వంగి అడిగాను.

"ఏంటక్కా? చెప్పు."

"మూడో అంతస్తు" అంది. తన హాస్టల్ పిల్లల కోసమే చేస్తోంది, కింది నుంచి పైకి. పెదవులు ఇంకాసేపు కదిలాయి. మూడో అంతస్తు పిల్లలెవరో, వాళ్ళ కష్టాలేవో చెప్తూ ఉండగానే ఆగిపోయాయి. చప్పట్లు లేవు. ఆమేన్ లేదు. నాలుగో అంతస్తు మిగిలిపోయింది.

ఆమె పోయాక హాస్టల్ మూతపడింది. షారోన్ పెళ్ళి చేసుకుంది. బాబు పుట్టాడు. కొత్త కంపెనీలో చేరింది. కూడికలకు రావడం తగ్గింది. ఆదివారం ఎప్పుడైనా వచ్చి, చివరి వరుసలో కూర్చుని, బాబు ఏడవగానే వెళ్ళిపోయేది.

పోయిన ఆదివారం లేచిన చెయ్యి షారోన్‌ది.

ప్రార్థన అవుతుండగానే లేచి, వరుసలు దాటుకుంటూ వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. దైవసేవకులు ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నారు.

"ఏంటమ్మా? చెప్పు."

"ఏం లేదండి టీచర్‌గారూ. వర్క్ ప్రెషర్."

"షారోన్. ఉప్పు ఎక్కువైందని ఆ రోజు చెప్పింది నువ్వు ఒక్కదానివే."

ఆమె ముఖం ముడుచుకుపోయింది. బాబు తలను గడ్డం కింద దాచుకుని, వాడి జుట్టులోకి చెప్పింది. "కుడివైపు. గడ్డ. పాలగడ్డ అనుకున్నానండి. అత్తయ్యగారు వేడినీళ్ళ కాపడం పెట్టమన్నారు. పెడుతూనే ఉన్నాను. తగ్గట్లేదు. వీడు అటువైపు తాగట్లేదు."

"ఎప్పటి నుంచి?"

"వీడికి అన్నప్రాశన చేసినప్పటి నుంచి." వాడు ఇప్పుడు నడుస్తున్నాడు.

"నీకు తెలుసు కదమ్మా. డాక్టరమ్మ నీ మొహం చూసి చెప్పింది."

"తెలుసండి. అంతా తెలుసు." కన్నీళ్ళు బాబు తల మీద పడుతున్నాయి. "పాలిస్తున్నాను కదా, రాదనుకున్నాను. నాకింకా ముప్ఫై ఒకటే కదా అనుకున్నాను. తెలిసినందుకే భయమేసింది. ఆంటీ ఉంటే అడిగేవారు. అడిగితే చెప్పేద్దామని చూశాను. ఎవరూ అడగలేదు."

సోమవారం పొద్దున్నే అదే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. సూదితో ముక్క తీశారు. రిపోర్టు ఈ వారం వస్తుంది. డాక్టరమ్మ ముఖం చూసి ఏమీ తెలుసుకోలేకపోయాను. నాకు నిద్ర లేదు. పిల్లలకు పాఠం చెప్తూ మధ్యలో ఆగిపోతున్నాను. ఆంటీ లాగా ఇంకొకరిని చూసే బలం నాలో లేదు. దేవునికి ఆ మాట కూడా చెప్పేశాను.

చదువుతున్న అక్కలారా, అమ్మలారా, అన్నలారా, నాతో కలిసి ప్రార్థించండి. మనసులో వద్దు. గొంతు విప్పి చేయండి. పక్కన ఎవరున్నా సరే.

తండ్రీ, కింది నుంచి మూడు అంతస్తులు ఆమె నీకు అప్పజెప్పింది. నాలుగోది మిగిలింది, అది మేము చేస్తున్నాం. అక్కడ ఉండిన షారోన్ అనే పిల్లకు కుడి రొమ్ములో గడ్డ ఉంది. రొమ్ము అనే మాట పలకడానికి నీ వాక్యం సిగ్గుపడలేదు, మేమూ సిగ్గుపడము. ఆ గడ్డ చిన్నదై ఉండనీ. మేము ఆలస్యంగా వచ్చినా నీవు ఆలస్యం చేయకు. ఆ పసివాణ్ణి తల్లి దగ్గర పెరగనీ. జర చూసుకో తండ్రీ. నీవు మేల్కొనే ఉంటావు కదా.

ఇప్పుడు కళ్ళు తెరవండి. మీ పక్కన చెయ్యెత్తి ఉన్నది ఎవరో చూడండి. వెళ్ళి కూర్చుని అడగండి. ఆ తర్వాత అందాం, ఆమేన్.